ఇంటా వంటా లేని వ్యాపారం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల మహిళా సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల నాణ్యత గురించి, దాణా గురించి ఇంతకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. మాకు ఇచ్చిన అంశం వేరు. పాడితో పాటు ఇంటి దగ్గర చేతి పని ఏదైనా పెట్టుకుని నాలుగు రూపాయలు సంపాదించుకోవడం ఎలాగన్నది చెప్పమన్నారు. అల్లిక, కుట్టు, బొమ్మ, బుట్ట, పచ్చడి, పూతరేకు, ఏదైనా కావచ్చు. చేతిలో కళ ఉన్నవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ఆ కళను అమ్ముకునేవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకమ్మా అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. "వ్యాపారం మా ఇంటా వంటా లేదండి."

ఈ మాట మేము పాతికేళ్లకు పైగా ఊరూరా వింటున్నాము. ఈ రోజు దాని గురించే మాట్లాడదలచుకున్నాము. గెలిచిన కథ ఒక్కటే చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. మేము ఓడిన కథ కూడా చెబుతాము. ఆ ఓటమిలో మా పొరపాటు ఉంది కనుక అది చెప్పడం మా బాధ్యత.

మీరు ఇప్పటికే వ్యాపారస్తులు

మొదటగా ఒక మాట. వ్యాపారం ఇంటా వంటా లేదన్నది నిజం కాదు. పొద్దున్నా సాయంత్రం మీరు చేస్తున్నది వ్యాపారమే. సరుకు మీది. దానికి కొలత ఉంది, వెన్న శాతం పరీక్ష ఉంది, చీటీ ఉంది, లెక్క కట్టి బిల్లు ఇచ్చే రోజు ఉంది. ఇంతకు మించిన వ్యాపారం ఏముంటుంది?

ఇది కూడా మన పెద్దలకు ఇంటా వంటా లేనిదే. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1946కు ముందు రైతులు పాలను దళారుల చేతిలో పెట్టి, వారు ఇచ్చిందే పుచ్చుకునేవారు. ఆ ఏడాది జనవరిలో సమర్ఖా గ్రామంలో సమావేశమై, మన పాలు మనమే అమ్ముకుందామని తీర్మానించుకుని పాలు పోయడం ఆపివేశారు. 1946 డిసెంబరు 14న వారి జిల్లా యూనియన్ రిజిస్టరైంది. త్రిభువన్‌దాస్ పటేల్ గారు నడిపించారు. 1949లో ఆణంద్ వచ్చిన కురియన్ గారు తరువాత తోడయ్యారు. ఆ రైతులలో ఎవరూ పుట్టు వ్యాపారులు కారు. గేదె పాలు పితకడం తెలిసినవారు మాత్రమే. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక ఆ పద్ధతే మన గ్రామాల దాకా వచ్చింది.

కనుక కొత్త వ్యాపారం పెట్టేవారికి కావలసిన పాఠాలు చాలావరకు మీ పాలకేంద్రంలోనే ఉన్నాయి. మేము కూడా ఆ సంగతి ఆలస్యంగానే గ్రహించాము.

లేసు చెప్పే పాఠం

మాకు దగ్గరగా తెలిసిన పని లేసు అల్లిక. కనుక దానినే ఉదాహరణగా తీసుకుంటాము. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపట్ల గ్రామాల నుంచి వచ్చినవారికి దీని గురించి మేము చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం నాలుగు మాటలు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ క్రైస్తవ మిషనరీ కుటుంబాలు నర్సాపురం ప్రాంతంలో ఈ పని నేర్పాయి. మొదట మిషన్ చుట్టూ ఉన్న పేద స్త్రీలు నేర్చుకున్నారు. తరువాత గడప దాటని కుటుంబాల స్త్రీలకూ పాకింది. నూలు దారం, కొక్కెం ఉన్న చిన్న సూది, రెండు చేతులు, అంతే సరంజామా. తల్లి అల్లుతుంటే చూసి కూతురు నేర్చుకుంటుంది. ఇక్కడి చేతులు అల్లిన లేసు సముద్రాలు దాటి విదేశాల బల్లల మీద పరచుకుంది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సంతోషించవలసిన విషయం.

అయితే ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ ప్రాంతంలో తిరిగి, 1982లో లేసు స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె గమనించిన ముఖ్య విషయం ఏమిటంటే, రోజుకు గంటల తరబడి అల్లే స్త్రీని ఎవరూ పనిమనిషిగా లెక్కించరు. ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషి పొద్దుపోక చేసే పని అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది. దారం ఏజెంటు తెస్తాడు, అల్లినది ఏజెంటు పట్టుకుపోతాడు. పువ్వు ఒకరు అల్లితే అతుకు మరొకరు వేస్తారు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో, ఏ ఊళ్లో ఎంతకు అమ్ముడవుతుందో చాలామందికి తెలియదు.

గమనించారా? 1946కు ముందు ఖేడాలో పాలు పోసిన రైతు పరిస్థితి ఇదే. సరుకు చేయడం తెలుసు. కొనేవాడి మొహం తెలియదు. ఏజెంట్లందరూ చెడ్డవారని మేము అనడం లేదు. వారు లేకపోతే ఎన్నో ఇళ్లలో ఆ కాస్త రాబడి కూడా ఉండేది కాదు. కాని కొనేవాడు ఎవరో, ధర ఎలా కడతారో తెలియనంత కాలం మన కళకు విలువ కట్టేది ఎదుటివాడే.

మేము చేసిన పొరపాటు

ఇక మా కథ. 2011లో డెల్టాలోని ఒక గ్రామం మా పరిధిలో ఉండేది. పాల సంఘం చక్కగా నడుస్తోంది. సభ్యులలో పన్నెండుమంది స్త్రీలకు లేసు అల్లిక వచ్చు. వారిలో ఒకామె చురుకైన మనిషి. నలుగురినీ కూడగట్టగలదు. మాటకు నిలబడే మనిషి. ఆమె మా దగ్గరకు వచ్చి, "ఇన్‌స్పెక్టరు గారూ, పాలు మనమే అమ్ముకుంటున్నాం గదా, లేసు కూడా అమ్ముకోలేమా?" అని అడిగింది.

మాకు ఎంతో ఉత్సాహం కలిగింది. సహకార శిక్షణ కేంద్రంలో డిప్లొమా చదివినవారము. కాగితాలంటే మాకు భయం లేదు. అక్కడే పొరపాటు జరిగింది. ఆమె అడిగింది అమ్మకం గురించి. మేము చెప్పింది కాగితాల గురించి. గ్రూపు పేరు పెట్టించాము, ముద్ర చేయించాము, తీర్మానాల పుస్తకం రాయించాము, మనిషికి 5,000 చొప్పున 60,000 రూపాయల అప్పు ఇప్పించాము. కొనేవారు ఎవరన్న ప్రశ్న మాత్రం మేము అడగలేదు. వారూ అడగలేదు.

దారం ఒక్కసారే తెచ్చారు. చాలదేమోనని ఆమె తన మాట మీద దుకాణంలో మరో 18,000 రూపాయల దారం అరువు తెచ్చింది. అందరూ ఒకే నమూనా బల్లగుడ్డలు అల్లారు. నాలుగు నెలలలో 240 గుడ్డలు తయారయ్యాయి. చూడడానికి పండుగలా ఉండేవి. మేము వెళ్లి ఫోటో కూడా తీయించాము.

తరువాత ఏమైంది? ఊళ్లో బల్లగుడ్డ ఎవరికి కావాలి? చుట్టాలు తీసుకున్నారు, డబ్బు తరువాత ఇస్తామన్నారు. మొహమాటంతో ఎవరూ అడగలేకపోయారు. పట్నంలో ఒక ప్రదర్శనకు వెళితే మూడు రోజులూ వాన. బస్సు ఖర్చులు కూడా రాలేదు. మిగిలిన గుడ్డలు ఇనుప పెట్టెలో పెట్టారు. ఆ వర్షాకాలం గడిచేసరికి పెట్టె తుప్పు మరకలు తెల్ల లేసు మీద పడ్డాయి. ఉతికితే పోలేదు.

అప్పు వాయిదాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ పక్షానికి 200 రూపాయల చొప్పున ఏడాదికి పైగా పాల డబ్బులోంచి కట్టారు. దారం దుకాణం బాకీ మాత్రం ఆ ఒక్కామె మీద పడింది. అది గ్రూపు పుస్తకంలో లేదు. ఆమె నోటి మాటలో ఉంది. మిగిలినవారిని అడగవచ్చు గదా అంటే, "నన్ను నమ్మి వచ్చారండి, నేనెలా అడుగుతాను?" అంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదెను అమ్మి బాకీ తీర్చింది. ఆ గేదెను తోలుకుపోతున్న రోజున మేము సంఘం లెక్కలు చూడడానికి ఆ ఊరు వెళ్లాము. వీధిలో ఎదురు వచ్చింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పాల పుస్తకంలో ఆమె పేరు ఎదుట అంకెలు ఆగిపోయిన పేజీ మాకు ఇప్పటికీ గుర్తుంది.

కారణాలు ఎక్కడున్నాయి

ఆ తరువాత చాలాకాలం ఆలోచించాము. పెట్టుబడి చాలక పోయిందా? లేదు, ఎక్కువై పోయింది. నైపుణ్యం లేకనా? కాదు. అరువు సొమ్ము బరువు చేటు అన్నారు గాని, అరువు ఒక్కటే కారణం కాదు. మాకు తోచిన కారణాలు మూడు.

ఒకటి, కొనేవారిని చూడకుండా సరుకు చేశాము. పాలు సాయంత్రానికి విరిగిపోతాయి కనుక ఎవరికి పోయాలో తెలియకుండా ఎవరూ పితకరు. లేసు పాడవదనే ధైర్యంతో అల్లుతూ పోయాము. పెట్టెలో ఉన్న సరుకు కూడా పాడవుతుంది. కాకపోతే కొంచెం నెమ్మదిగా పాడవుతుంది.

రెండు, కూలి లెక్క కట్టలేదు. దారం ఖర్చు మాత్రమే ఖర్చు అనుకున్నారు. చేతి కష్టం ఊరికే వచ్చిందనుకున్నారు. తన కష్టానికి తానే వెల కట్టుకోకపోతే ఇంకెవరు కడతారు?

మూడు, అన్నిటికన్నా పెద్దది, మొహమాటం. వ్యాపారం అలవాటున్న కుటుంబాలలో పసితనం నుంచే ధర చెప్పడం, లేదనడం, బాకీ అడగడం నేర్చుకుంటారు. అందులో తప్పేమీ కనబడదు. మన ఊళ్లలో అందరూ అత్తలు, పిన్నులు, వదినలు. ధర చెబితే "మా దగ్గర కూడా డబ్బు తీసుకుంటావా?" అంటారు. చెప్పకపోతే ఊరికే పట్టుకుపోతారు. గుమ్మం ముందు ఒక బల్ల వేసి నాలుగు వస్తువులు పెడితే, "ఏమ్మా, షావుకారు అయిపోయావా?" అని ఎకసెక్కం. డబ్బు లేక మూతబడిన చిన్న వ్యాపారాల కన్నా మొహమాటంతో మూతబడినవే ఎక్కువగా మేము చూశాము.

దీనికి మందు మీ పాలకేంద్రంలోనే ఉంది. కార్యదర్శి మీకు తోడికోడలి కొడుకే కావచ్చు. అయినా మీ పాలకు వెన్న శాతం ఇంత అంటే మీకు కోపం రాదు. చెప్పింది అతడు కాదు, పరీక్ష చెప్పింది. ధర అతని నోట్లోంచి రాలేదు, గోడ మీద పట్టికలోంచి వచ్చింది. అందరికీ ఒకే పట్టిక. మొహమాటాన్ని మన సంఘాలు అలా దాటాయి. చేతి పనికీ అదే ఉపాయం కావాలి.

రెండవసారి

ఆ పన్నెండుమందిలో మరొకామె ఉండేది. సమావేశాలలో వెనుక కూర్చునేది, నోరు విప్పేది కాదు. 2014లో ఆమె మమ్మల్ని ఆపి, "మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నానండి. ఈసారి తమరు అప్పు మాత్రం ఇప్పించకండి" అంది. మాకు సిగ్గు వేసింది, సంతోషమూ కలిగింది.

ఆమె చేసిన పని ఇది. పెద్ద బల్లగుడ్డ జోలికి పోలేదు. ఊళ్లో ఎవరికి ఏ అవసరం ఉందో రెండు నెలలు గమనించింది. పెళ్లిళ్లకు జాకెట్లు కుట్టించుకుంటారు. చేతుల అంచుకు బజారు నుంచి మిషను లేసు తెస్తారు. అందరికీ ఒకటే రకం. ఈమె మామిడి పిందెలు, గుమ్మడి పువ్వులు, చిలకలు వచ్చేలా చేతి అంచులు మూడు రకాలు అల్లి, నల్ల గుడ్డ మీద కుట్టి, దగ్గరి బస్తీలో జాకెట్లు కుట్టే దర్జీ దగ్గర పెట్టింది. "ఎవరైనా అడిగితే సగం డబ్బు ముందు తీసుకుని నాకు చెప్పండి, పది రోజుల్లో ఇస్తాను" అంది. అడిగినవారికే అల్లింది. అడగనిది ఒక్క మూర కూడా అల్లలేదు.

ఆమె పెట్టుబడి రెండు పక్షాల పాల డబ్బులోంచి మిగిల్చినది. అది కూడా ఇంట్లో చెప్పి తీసుకుంది. అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "ఒకసారి కాలింది చాలదా?" అంది. "ఈ డబ్బు పోతే మళ్లీ అడగను అత్తయ్యా, గేదె జోలికి పోను" అని మాట ఇచ్చింది. పోయినా ఇల్లు కదలని డబ్బుతోనే మొదలుపెట్టాలన్న నియమం ఆమె మాకు నేర్పింది, మేము ఆమెకు కాదు.

చుట్టాల సమస్యకు ధర చీటీ కనిపెట్టింది. ప్రతి నమూనా కింద చిన్న చీటీ మీద ధర, ముందు కట్టవలసిన డబ్బు రాసింది. ఎవరైనా బేరం ఆడితే "దర్జీ గారి దగ్గర కూడా ఇదే రాసి ఉంది పిన్నీ, నీకు ఒకటి, వారికి ఒకటి చెబితే నా మాటకు విలువేముంది?" అనేది. కొందరు అలిగారు. ఆరు నెలలకు వారే వచ్చారు.

కొన్నాళ్లకు పెళ్లికూతుళ్లు ఫోటోలు పట్టుకుని రావడం మొదలైంది. బారసాల టోపీలు అడిగారు, గుమ్మం తోరణాలు అడిగారు. చేతి ఫోను వచ్చాక ఉదయపు వెలుతురులో ముదురు రంగు గుడ్డ మీద పెట్టి ఫోటో తీసి పంపుతోంది. డబ్బు ఫోనులోనే ముందుగా వస్తోంది. ఇప్పుడు మరో నలుగురు ఆమెతో కలిసి అల్లుతున్నారు. ఆమె ధనవంతురాలు కాలేదు. పాల డబ్బు ఇంటి ఖర్చుకు, లేసు డబ్బు పిల్ల చదువుకు అని విడివిడిగా పెట్టుకోగలుగుతోంది. మా దృష్టిలో అది చిన్న విజయం కాదు.

గేదెను అమ్ముకున్న ఆమె సంగతి అడుగుతారేమో. ఈ నలుగురిలో ఆమె లేదు. రెండేళ్ల తరువాత గేదెను కొనుక్కుంది, మళ్లీ పాలు పోస్తోంది. సూది మాత్రం పట్టలేదు. ఈ మాట దాచితే మా ప్రసంగంలో సగం అబద్ధమవుతుంది.

లెక్క ఇలా కట్టండి

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఒక బల్లగుడ్డకు దారం 70 రూపాయలు. అల్లడానికి 14 గంటలు. గంటకు 40 చొప్పున కూలి 560. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కవరులో పెట్టడానికి 30. రాకపోకలు, పోస్టు ఖర్చు వాటా 40. మొత్తం 700. పాడైన ముక్కలకు, తరువాతి దారానికి ఒక 100 వేసుకుంటే 800. ఈ గుడ్డను 300 రూపాయలకు అమ్మి, 70 రూపాయల దారానికి 230 లాభం వచ్చిందనుకున్నవారు నిజానికి 400 రూపాయలు పోగొట్టుకున్నారు. పోయింది చేతి డబ్బు కాదు, చేతి కష్టం కనుక కనబడలేదు.

800 పెట్టి మన ఊళ్లో ఎవరు కొంటారని అడుగుతారు. సరైన ప్రశ్న. దానికి రెండే దారులు. 800 ఇచ్చేవారు ఉన్న చోటు వెతకాలి. లేదా గంటన్నరలో అయ్యే చిన్న వస్తువు చేయాలి. దారం 10, కూలి 60, కవరు 10, వెరసి 80. కూలి తగ్గించుకోవడం మూడో దారి కాదు. అది వెనక్కి పోయే దారి.

పాటించవలసిన నియమాలు

1. అడిగినవారికే చేయండి. నమూనాలు మూడు నాలుగు చాలు. సగం డబ్బు ముందు చేతిలో పడనిదే సూది ఎత్తవద్దు.

2. పాల డబ్బు ఒక సంచి, పని డబ్బు ఒక సంచి. రెండూ కలిపితే లాభం వచ్చిందో నష్టం వచ్చిందో బ్రహ్మకైనా తెలియదు.

3. ప్రతి పక్షానికీ లెక్క చూసుకోండి. పాల బిల్లు వచ్చిన రోజే ఈ పుస్తకమూ తెరవండి. దారం ఎంత, గంటలు ఎన్ని, రాబడి ఎంత, రావలసింది ఎంత. నాలుగు గళ్లు చాలు.

4. నోటి మాట మీద అరువు తేవద్దు, ఇవ్వవద్దు. గ్రూపు బాకీ గ్రూపు పుస్తకంలో అందరి సంతకాలతో ఉండాలి. ఒక్కరి గేదె మీద పడకూడదు.

5. ఒక్క ముక్క బాగా రాకపోతే విప్పి మళ్లీ అల్లండి. పలచబడిన పాలు ఒక్క క్యానులో కలిస్తే ట్యాంకరు పాలన్నింటికీ చెడ్డపేరు. ఇదీ అంతే.

6. రిజిస్ట్రేషను తొందర వద్దు. అమ్మకం నిలదొక్కుకున్నాక వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిస్తే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు. ఒక్కరే నడుపుకునేవారికి 2020 జూలై నుంచి ఉద్యం నమోదు ఉంది. దానికి రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

కలిసి పని చేయడం అంటే భయపడేవారికి ఒక మాట. బొంబాయి గిర్గాంలో 1959 మార్చి 15న ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ సంస్థ. వారూ గృహిణులే. పని చేసే ప్రతి స్త్రీ అందులో యజమానురాలే. లాభమైనా నష్టమైనా అందరిదీ. వ్యవస్థాపకులలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించింది. వారు మొదట ఒత్తినవి నాలుగు పాకెట్లేనని గుర్తుంచుకోండి. 240 కాదు.

సంఘాల పెద్దలకు మనవి

చివరగా ఇక్కడున్న అధ్యక్షులకు, కార్యదర్శులకు రెండు మాటలు. పాల సంఘం నిధులు ఈ పనికి ఇవ్వమని మేము చెప్పడం లేదు. బైలాలో లేని ఖర్చు పెడితే ఆడిటులో ముందుగా అభ్యంతరం రాసేది మేమే. డబ్బు లేకుండా చేయగలిగిన సహాయం చాలా ఉంది. నోటీసు బోర్డు మీద మూల జానెడు చోటు ఇవ్వండి, నమూనా పెట్టుకుంటారు. సభ్యురాలు రాసి ఇస్తే తప్ప ఆమె పాల బిల్లులోంచి వేరే అప్పుల కోత వేయకండి. మీ ఇంటివారు ఆమె దగ్గర ఏదైనా కొంటే, చీటీ మీద ఉన్న ధర పూర్తిగా, వెంటనే ఇప్పించండి. ఊరి పెద్ద ఇంట్లోనే అరువు పెడితే మిగిలినవారు ఎందుకు ఇస్తారు? ఎకసెక్కం చేసేవారుంటే, చేయకుండా చూడండి. వ్యాపారం లేని ఊళ్లో మొదట మొదలుపెట్టే మనిషికి కావలసినది సబ్సిడీ కన్నా ముందు ఆ గౌరవం.

సోదరీమణులారా, అడగందే అమ్మయినా పెట్టదు. మీ పనికి మీరు ధర అడగండి. మెల్లగా అడిగినా ఫరవాలేదు, అడగడం మానవద్దు. మొదలుపెట్టేముందు కొనేవారు ఎవరని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. మాలాంటి ఇన్‌స్పెక్టరు ఎవరైనా ఉత్సాహంగా కాగితాలు పట్టుకుని వస్తే, ఆ ప్రశ్న ముందు ఆయననే అడగండి. 2011లో మమ్మల్ని ఎవరైనా అడిగి ఉంటే ఆ గేదె ఆ ఇంటి చూరు కిందే ఉండేది.

సాయంత్రం పాలవేళ దగ్గర పడుతోంది, మీరు ఇళ్లకు చేరాలి.